చివరి రెండక్షరాలు

మా మేనమామ వెంజుకి లాటిన్ ఒక్క ముక్క రాదు. నాలుగక్షరాలు మాత్రం వచ్చు: వి, ఎఫ్, జి, ఎ. మొదటి రెండింటికీ ‘మొక్కుకున్నాడు’ అనీ, చివరి రెండింటికీ ‘కృప పొందాడు’ అనీ అర్థమట. వాళ్ళ నాన్న నేర్పాడు. మాల్టాలో మా రేవు పైనున్న మాత గుడిలో గోడ కనపడకుండా వేలాడే, సముద్రంలో ఆపద దాటినవాళ్ళు చెల్లించే మొక్కు పటాల్లో సగం మామయ్య చేతివే. చెక్క మీద తుఫాను, మునగబోయే పడవ, పైన మబ్బులో మరియమాత, కింద ఆ నాలుగక్షరాలు. మాత ముక్కు మాత్రం ఎప్పుడూ మా ఫిలుమేన అత్తయ్య ముక్కే. ఆయనకి వేరే ముక్కు వేయడం రాదు.

ఆయనకొక నియమం. సముద్రం మీద చిక్కుకున్న మనిషి తిరిగొచ్చి ఇంటి గడప తొక్కాకే పటం మొదలుపెట్టేవాడు. ముందే వేసిపెట్టమని ఎంతమంది ఆడవాళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డారో! “అందని కృపని అందిందని అమ్మతో ఎలా చెప్తామే తల్లీ?” అని తిప్పి పంపేసేవాడు. రాతిగుండె అని ఊరంతా తిట్టేది. నేనూ తిట్టాను.

ఒక అక్టోబరులో మామయ్య వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు ఇంద్రీ మరో ఇద్దరితో చేపల వేటకి వెళ్ళాడు. గాలివాన వచ్చింది. మిగతా పడవలన్నీ తిరిగొచ్చాయి. ఇంద్రీ పడవ రాలేదు. ఐదో రోజు అత్తయ్య ఒక చెక్క తెచ్చి మామయ్య ఒళ్ళో పడేసింది.

“వెయ్యి.”

“మొక్కుకున్నాడని రెండక్షరాలు వేస్తాను. తక్కినవి వాడొచ్చాక.”

“నాలుగూ వెయ్యి. ఊళ్ళో అడ్డమైన వాళ్ళందరికీ కృప పంచావు. నీ కడుపున పుట్టినవాడికి వచ్చేసరికి అక్షరాలు కరువయ్యాయా?”

“అబద్ధమే అది, ఫిలుమేనా. మాత ముందర అబద్ధం.”

“అయితే ఆ అబద్ధాన్ని నిజం చెయ్యమను! ఆమెకి కొడుకు లేడా?”

మామయ్య కుంచె తీశాడు. మూడు రోజులు కూర్చుని వేశాడు. ఇంద్రీని పడవలో నిలబెట్టాడు, చేతులు రెండూ పైకెత్తించాడు. చివరి రెండక్షరాల దగ్గర ఆయన కుంచె దించేస్తే, నేను మణికట్టు పట్టుకుని వేయించాల్సి వచ్చింది. పటం గుడిలో వేలాడదీశాక అత్తయ్య కుదుటపడింది. కొడుకు చొక్కా ఉతికి ఆరేసింది. రొట్టె కాల్చి, నూనె రాసి, టమాటా రుద్ది మూతపెట్టేది. మర్నాడు దాన్ని మేకకి వేసి మళ్ళీ కాల్చేది. నాకు ఆ ఇంట్లో అడుగుపెట్టాలంటే భయంగా ఉండేది.

రెండు వారాలకి పొరుగు రేవు జాలరి ఒకడు విరిగిన పడవ ముక్క తెచ్చి గుమ్మం ముందు దించాడు. దాని మీద రంగులద్దిన కన్ను ఉంది. మా పడవలన్నిటికీ ముందు భాగాన కళ్ళుంటాయి. ఇంద్రీ పడవకి ఆ కన్ను వేసింది మామయ్యే. ఆయన దాన్ని వేలితో తడిమి, ముక్కని ఒళ్ళోకి లాక్కున్నాడు.

అత్తయ్య ఏడవలేదు. ఆ కన్నునే చూస్తూ, “మనమే చేశాం” అంది.

“ఏం చేశామే?”

“కృప పొందాడని రాసిచ్చాం కదయ్యా! వాడు ఇల్లు చేరాడనుకుంది ఆ తల్లి. పని అయిపోయిందనుకుని వాణ్ణి వెతకడం మానేసింది. నేనే, నేనే రాయించాను!”

అలాగే గుడికి పరుగెత్తింది. వెనకే మేమూ. మేం వెళ్ళేసరికి జడపిన్నుతో అక్షరాలు గీకుతోంది. నూనెరంగు ఊడదే! వేళ్ళు చీరుకుపోయి రక్తం కారుతోంది. ఫాదర్ ఆంజ్లు చెయ్యి పట్టుకోబోయాడు.

“ఫిలుమేనా, అవి పవిత్రమైన అక్షరాలు. నువ్వు వాడి ఆత్మ కోసం ప్రార్థన చెయ్యి.”

“ఆత్మ నాకెందుకు ఫాదర్? నాకు మనిషి కావాలి!”

ఇంకేదో అనబోయాడాయన. “మీరూరుకోండి” అన్నాను. ఫాదర్‌తో అలా మాట్లాడినందుకు నేనిప్పటికీ పాపమని గుడిలో ఒప్పుకోలు చెప్పుకోలేదు, చెప్పుకోను కూడా.

మామయ్య జేబులోంచి రంగులు గీకే చాకు తీశాడు. భార్యని పక్కకి జరిపి పటం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముందు ఎ, తర్వాత జి. తెల్లటి చెక్క బయటపడేదాకా నెమ్మదిగా గీశాడు. ఈసారి ఆయన మణికట్టు ఎవరూ పట్టుకోనక్కర్లేకపోయింది.

“మొదటి రెండూ ఉంచు,” అంది అత్తయ్య. “మొక్కు మొక్కే.”

“ఉంచానే.”

“ఇప్పుడు తెలుస్తుంది కదా ఆమెకి, వాడింకా రాలేదని? మళ్ళీ వెతుకుతుంది కదా?”

విరిగిన పడవ ముక్కని తన చేత్తో తడిమి వచ్చిన మనిషి, జీవితమంతా ఆ గోడ మీద ఒక్క అబద్ధం కూడా రాయనని పంతం పట్టిన మనిషి, భార్య వేళ్ళని తన చొక్కా అంచుతో తుడుస్తూ, “వెతుకుతుందే, తప్పకుండా వెతుకుతుంది” అన్నాడు.

అత్తయ్య తల ఊపి, గుడి మెట్లు దిగి, కొడుక్కి ఎదురెళ్ళడానికి తిన్నగా రేవు వైపు నడిచింది.