ఎడమవైపు నాలుగు, కుడివైపు తొమ్మిది

యుద్ధం రాకముందు అతను దుకాణాలకు బోర్డులు రాసేవాడు. అక్షరం గుండ్రంగా, అంకె నిటారుగా ఉండాలి. వెంట్రుకవాసి పక్కకు పోయినా తుడిచేసి మళ్లీ రాసే రకం. యుద్ధంతో దుకాణాలు మూతపడ్డాయి. మేనల్లుడు యుద్ధవిమానం నడిపే స్క్వాడ్రన్‌లో పెయింటరు కావాలంటే వెళ్లి చేరాడు. చేరమని పోరింది అక్క.

“నువ్వు దగ్గరుంటే నాకు గుండె నిబ్బరంగా ఉంటుందిరా” అంది. ఆకాశంలో తుపాకులు పేలుతుంటే నేలమీద కుంచె పట్టుకున్నవాడు ఏం కాపాడతాడని అతను అడగలేదు. భర్త పోయాక ఆ ఒక్కగానొక్క కొడుకే లోకంగా బతికిన మనిషిని అలా అడగడానికి నోరెలా వస్తుంది?

ఆ స్క్వాడ్రన్‌కి కాగితం మీద పది విమానాలు. ఎగిరేవి ఐదు. రెండు ఎప్పుడో కూలిపోయాయి, మూడింటిని ఊడదీసి ఆ ముక్కలు ఈ ఐదింటికి తగిలించారు. ఈ సంగతి పైవాళ్లకు రాయాల్సింది అధిపతిగారు. కానీ ఆయనకు పతకం వచ్చే సూచనలున్నాయి, అదీ విమానాలన్నీ పదిలంగా చూసుకుంటున్నందుకు! అలాంటప్పుడు నిజం రాయడానికి ఆయనకేమైనా పిచ్చా? రోజూ మీసాలు దువ్వుకుని, పదీ క్షేమం అని సంతకం పెట్టేవాడు.

తనిఖీకి సేనాపతి వస్తున్నాడని కబురొచ్చింది. అధిపతిగారు పెయింటరుని పిలిపించాడు.

“ఒక్కో విమానానికి రెండు నంబర్లు వెయ్యి. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఇంకోటి.”

“అదెలా కుదురుతుందండీ?”

“ఆయన కుర్చీలో కూర్చుంటే లేవడు. ఐదూ ఇటు పోతాయి, కాసేపాగి అటునుంచి వస్తాయి. ఆయన లెక్కకి పది. పైలట్ల పేర్లు పుస్తకంలో రెండేసి చోట్ల నేను రాయిస్తాలే.”

ఏడ్చినట్టు వేసినా పోయేది. ఏదో తేడాగా ఉందని సేనాపతి లేచి చూసేవాడు. కానీ మనవాడికి చేతికి పని తగిలితే చెడగొట్టడం చేతకాదు. పది అంకెలూ ముత్యాల్లా వేశాడు. మేనల్లుడి విమానానికి ఎడమవైపు నాలుగు, కుడివైపు తొమ్మిది. వేశాక వెనక్కి వెళ్లి నిలబడి, ఎంత బాగా కుదిరాయో అని మురిసిపోయాడు కూడా.

తనిఖీ రోజున సేనాపతి ఇంకా మురిసిపోయాడు. “పదికి పది విమానాలున్న స్క్వాడ్రన్ ఈ చుట్టుపక్కల ఇదొక్కటే! రేపు పొద్దున శత్రువుల వంతెన మీద దాడికి మీరే వెళ్లాలి. దానికి పది తప్పనిసరి” అన్నాడు.

అధిపతిగారు సెల్యూట్ కొట్టాడు. పెయింటరు ఆయన వెంటపడ్డాడు. “అయ్యా, పదిమంది చేసే పనికి ఐదుగురిని పంపుతారా? సేనాపతిగారి కారు ఇంకా కదల్లేదు, చెప్పెయ్యండి.”

“చెబితే పతకం కాదు, సంకెళ్లు పడతాయి. నాకే కాదు. ఆ అంకెలు వేసిందెవరు?”

కారు ఇరవై అడుగుల దూరంలోనే ఉంది. సేనాపతి అద్దం దించుకుని ఉన్నాడు. పెయింటరు దాని దగ్గరికి పోలేదు. కారు వెళ్లిపోయింది.

మేనల్లుడే ఎదురొచ్చి భుజం తట్టాడు. “ఏంటి మామయ్యా, ఆ మొహం? నేనొక్కణ్ణే ఇద్దరి పెట్టు! నువ్వే కదా రాశావు.”

మర్నాడు ఐదు వెళ్లాయి. నాలుగు వచ్చాయి. పొద్దు వాలేదాకా అతను రన్‌వే పక్కనే నిలబడ్డాడు. వంతెన దగ్గర మేనల్లుడి విమానం మంటల్లో పడిపోవడం కళ్లారా చూశామని మిగతా పైలట్లు చెప్పినా కదల్లేదు.

లోపల అధిపతిగారికి ఇంకో చిక్కొచ్చింది. కూలిన విమానానికి రెండు నంబర్లు. రెండూ పోయాయని రాస్తే నష్టం ఎక్కువ కనిపిస్తుంది. బాగా ఆలోచించి, వెళ్లినవి పది, తిరిగొచ్చినవి తొమ్మిది, నాలుగో నంబరు ఒక్కటే రాలేదు అని రాయించాడు. పైనుంచి అభినందనలు వచ్చాయి. పతకమూ వచ్చింది. ఆ నివేదికను బట్టే పైలట్ల ఇళ్లకు కార్డులు పంపారు, నంబరుకొకటి చొప్పున.

నాలుగు రోజులకు అతనికి సెలవు దొరికింది. అక్క గుమ్మంలోనే ఎదురైంది, చేతిలో రెండు కార్డులతో. కళ్లు వాచిపోయి ఉన్నాయి, గొంతులో మాత్రం కోపం.

“చూడరా వీళ్ల నిర్వాకం! నాలుగో నంబరు తిరిగి రాలేదని ఒకటి, తొమ్మిదో నంబరు క్షేమమని ఒకటి. రెండిట్లోనూ వాడి పేరే! ఆ ఆఫీసులో ఒక్కడికైనా బుర్రుందా? వాడిది తొమ్మిదే కదూ? నంబర్లు వేసేది నువ్వేగా, నీకు తెలీకుండా ఎందుకుంటుంది?”

“రెండూ నేనే వేశానక్కా” అన్నాడతను. “విమానం ఒక్కటే. నాలుగూ తొమ్మిదీ దానికే వేశాను. అది రాలేదు.”

ఆమె క్షేమమని ఉన్న తొమ్మిదో నంబరు కార్డు అతని చేతిలో పెట్టి, “ఇది చదువు” అంది.