ప్రతి శుక్రవారం గుండు

మా లోడర్ డ్రైవర్ జగిత్యాల వైపు మనిషి, మా అందరికీ అన్న. ప్రతి శుక్రవారం బ్లేడుతో గుండు గీసుకునేవాడు.

తొంభైల మొదట్లో గల్ఫ్‌లో, సీబ్ సముద్రపు ఒడ్డున మా పని ఒకటే. అలలు లాక్కుపోయిన గులకరాళ్ల కట్టను, ఎండిన వాగుల నుంచి తెచ్చిన రాళ్లతో మళ్లీ నింపడం. ఆ రోజుల్లోనే అన్న తండ్రి పోయాడు. పెద్దకొడుకు ఈయనే. ఊరికి పోవడానికి, కంపెనీ దాచిపెట్టుకున్న పాస్‌పోర్టు అడిగితే ఫోర్‌మన్ "కల్ దేఖేంగే" అన్నాడు. పదకొండో రోజు దాటినా ఆ రేపు రాలేదు. అన్న రూమ్‌లోనే గుండు చేసుకున్నాడు.

"వీని సంగతి జూసినంకనే ఎంటికెలు పెంచుత," అన్నాడు నాతో, తల నిమురుకుంటూ.

ఫోర్‌మన్ క్యాబిన్ ఒడ్డు మీదే ఉండేది. చలికాలం ముందు అన్న కట్టంతా నిండుగా పోసి, సరిగ్గా క్యాబిన్ ఎదుట మాత్రం పలచగా వదిలాడు. రాళ్లు సర్దేవాణ్ణి నేనే. చూసి కూడా పైపైన చదును చేసి ఊరుకున్నాను. ఫోర్‌మన్ నన్ను తిట్టని రోజు లేదు మరి.

తుఫాను వచ్చింది. సముద్రం ఆ పలచటి చోటు నుంచే దూరి ఖాళీ క్యాబిన్‌ను ఈడ్చుకుపోయింది. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం.

మా పాస్‌పోర్టులు రువీలో ఉన్న కంపెనీ పెద్దాఫీసులో ఉంటాయనుకున్నాం. అన్నీ ఆ క్యాబిన్ బీరువాలోనే ఉండేవని తెల్లారి ఫోర్‌మనే చెప్పాడు. కొత్తవి ఎప్పుడొస్తాయని అన్న అడిగాడు.

"కల్ దేఖేంగే."

ఆ శుక్రవారం అన్న మళ్లీ బ్లేడు తీశాడు. నేనూ తల తడుపుకుని ఆయన పక్కన కూర్చున్నాను.