సువర్ణకుమారి గరిటె ముట్టని రోజు

సువర్ణకుమారి చదువుకోవడానికి కాన్‌బెర్రా వచ్చినప్పుడు ఆమెకు నలభై దగ్గర పడుతున్నాయి. అంతకుముందు చాలా ఏళ్లు అమలాపురంలో మెస్ నడిపింది. డిగ్రీ పూర్తయిన ఏడాదే తండ్రి పోయాడు. మెస్ ఆమె మీద పడింది. కాలేజీ పిల్లలకు అన్నం వడ్డిస్తూ, వాళ్ల మాటల్లో దొర్లే పాఠాలు వినేది. తమ్ముడు చేతికి అందాక మెస్ అతనికి అప్పగించింది. నీటి కాలుష్యం మీద మాస్టర్స్ చెయ్యడానికి సీటు తెచ్చుకుంది.

జులై నెల. అక్కడ అది చలికాలం. సిడ్నీలో విమానం దిగి, బస్సెక్కి, మళ్లీ ట్రామెక్కి మధ్యాహ్నానికి కాన్‌బెర్రా శివారులోని గంగాలిన్ చేరింది. స్టాప్‌లో డేనీ, భానుప్రసాద్ నిలబడి ఉన్నారు. ఆమె చేరబోయే యూనివర్సిటీలోనే ఇద్దరూ చదువుతున్నారు. డేనీది రాజోలు. భానుప్రసాద్‌ది వరంగల్. తమ అద్దింట్లో మూడో గది ఇస్తామని ఫోన్‌లోనే చెప్పారు. ఆ ఊళ్లో ఆమెకు ఇంకెవరూ తెలియదు.

ఇల్లు శుభ్రంగా ఉంది. వంటగది మరీ శుభ్రంగా ఉంది. పొయ్యి మీద కొత్త మూకుడు. పక్కన పళ్లెంలో కడిగి తుడిచిన గుత్తి వంకాయలు.

"మా అన్నయ్య మీ మెస్సులోనే తినేవాడండి ఆంటీ," అన్నాడు డేనీ. "మీ గుత్తొంకాయ గురించి ఇప్పటికీ చెప్తాడు. మీరొస్తున్నారనగానే వీడు పొద్దున్నే ఇండియన్ స్టోర్‌కి పరిగెత్తేడు."

"రెండేండ్ల సంది వీడి వంట తింటున్నం ఆంటీ. వీడు వండితే కుక్కర్ గూడ ఏడుస్తది," అన్నాడు భానుప్రసాద్. "ఇగ మీరొచ్చిన్రు. మా కష్టాలు తీరినయ్."

"పెద్ద రూమ్ మీకెందుకిచ్చేమనుకున్నారు మరి?" డేనీ నవ్వాడు.

ఆమె ఒక వంకాయ తీసి, తొడిమ నొక్కి చూసి, తిరిగి పళ్లెంలో పెట్టింది. ఈ పూట గరిటె పట్టుకుంటే రేపూ పట్టుకోవాలి. ఎల్లుండికి అది అలవాటవుతుంది. ఇంత దూరం వచ్చి మళ్లీ మెస్సే తెరిచినట్టవుతుంది. కాదంటే గది పోవచ్చు. అదీ తెలుసు.

"ఆంటీ అనండి, పర్లేదు. వయసు దాచుకోను," అంది. "కానీ నేనూ మీలాగే స్టూడెంట్‌నే బాబూ. రేపు పొద్దున్నే క్లాసుంది. మీరెంత వండితే నేనూ అంతే వండుతాను, మీ తర్వాత. గది వంట కోసమే ఇచ్చుంటే ఇప్పుడే చెప్పేయండి. పెట్టె ఇంకా విప్పలేదు."

"ఇంత చలిల యాడికి పోతరు ఆంటీ?"

"అది నా తిప్పలు."

భానుప్రసాద్ డేనీ వైపు చూశాడు. డేనీ వంకాయల వైపు చూశాడు.

"కట్ చెయ్యిరా," అన్నాడు భానుప్రసాద్.

"నేనా?"

"మరి మీ అన్నొచ్చి కోస్తడా?"

గదిలోకి వెళ్లి తలుపేసుకుంటే సులువుగా ఉండేది. ఆమె వెళ్లలేదు. వంటగది ఎదుటి బల్ల దగ్గరే కూర్చుని పుస్తకం తెరిచింది. పల్లీలు మాడాయి. పొగ లేచింది. పైకప్పుకున్న పొగ అలారం అరిచింది. భానుప్రసాద్ కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసిరాడు. ఆమె చెయ్యి దానంతట అదే పేజీ మీంచి లేచింది. దాన్ని మళ్లీ పేజీ మీద పెట్టుకుంది. ఆ తర్వాత రాసిన ఏ పరీక్షకూ ఆమె అంత కష్టపడి ఉండదు.

చీకటి పడే వేళకు కూర దిగింది. డేనీ ముందు ఆమెకే వడ్డించాడు. ఆమె తిని, కంచం మళ్లీ ముందుకు జరిపింది.

"ఎలా ఉందాంటీ?"

"మాడింది. ఉప్పు చాల్లేదు. కాయ లోపల ఉడకలేదు."

"మరి మారు అడుగుతున్నారు?"

"వేడిగా ఉంది కదా."

మెస్సులో అందరూ తిని లేచాకే ఆమె కూర్చునేది. అప్పటికి గిన్నెల్లో ఏదీ వేడిగా ఉండేది కాదు.

"రేపు భాను వంతు," అంది. "ఎల్లుండి నాది."

భానుప్రసాద్ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. "నాకు గుడ్డు ఉడకబెట్టుడు తప్ప ఏం రాదు ఆంటీ."

"గుడ్డే తిందాం," అని ఆమె తన కంచం తాను కడుక్కుని, పుస్తకం ముందు కూర్చుంది.