గానుగ పెద్దులు తాగిన కల్లు

ఎదుటివాడు ఎంత తాగానన్నా, గానుగ పెద్దులు అంతకు రెట్టింపు తాగి ఉంటాడు. మీరు ఒక లొట్టెడు కల్లంటే ఆయన రెండంటాడు. మీరు మోరీలో పడ్డానంటే ఆయన బావిలో పడతాడు, అదీ బండితో సహా.

నేను ఆయనను మొదట చూసింది అరవై రెండులో. ఆ ఏడు మృగశిరకు మంచి వాన పడింది. ఊరంతా నాగళ్లు కట్టింది. మా ఇంట్లో మాత్రం విత్తనాలు లేవు. నా భార్య గోపమ్మ దాచిన గంపెడు జొన్నలను నేనే తీసుకెళ్లి కల్లు అమ్మే మండువలో పోసి తాగి వచ్చాను. చెలక బీడు పడింది. గోపమ్మ తిట్టలేదు, మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది గానీ నోరు విప్పేది కాదు. తిట్టే భార్యతో ఎలాగైనా వేగవచ్చు. తిట్టని భార్యతో కాపురం మహా కష్టం.

నార్కట్‌పల్లిలో తాగుడు మానినవాళ్లు శుక్రవారం శుక్రవారం ఒకచోట కూర్చుంటారని విని, నాలుగు మైళ్లు నడిచి వెళ్లాను. బస్సులు ఆగే చోట చాయ్ హోటలాయనను గుసగుసగా అడిగాను.

"మానినోళ్లు కూసునే జాగా ఏడనే?"

ఆయన గొంతెత్తి కేకేశాడు. "ఓ మారయ్యా! ఈయన తాగుడు మాననీకి వచ్చిండట! జర పెద్దులు గానుగ చూపియ్యి!"

హోటల్లోని పదిమందీ, బస్సు కిటికీల్లోంచి ఇంకో ఇరవైమందీ నన్ను చూశారు. అంతమందికి తెలిశాక వెనక్కి పోయేదెక్కడికి?

మారయ్య నన్ను తీసుకెళ్లిన గానుగ కొట్టంలో ఏడుగురు ఉన్నారు. కూటం సరిగ్గా చెట్ల మీంచి కల్లు దిగే పొద్దుకే. ఆ వేళకు కాళ్లు వాటంతటవే మండువ దారి పడతాయని పెద్దులుకు తెలుసు. కల్లు గీసే మల్లయ్య కూడా అక్కడే ఉన్నాడు. ఊరికంతా పోసి, తాను మాత్రం మానినవాడు. చేతులు ఊరుకోవని ఆయనే కల్లు తాగే తాటాకు దొన్నెలు, అవే రేకలు, తెచ్చి, వాటిలోకి లొట్టితో చల్ల వంచేవాడు. పెద్దులు ఒక్కడే ఇత్తడి చెంబుతో తాగేవాడు.

"రేక ముట్టుకుంటె పాత రోజులు యాదికొస్తయి నాకు" అనేవాడు. అంతటి తాగుబోతు కదా అని నేను గౌరవించేవాణ్ణి.

ఐదు వారాలు నేను నోరు తెరవలేదు. ఆరో వారం తల దించుకుని "విత్తనాలు తాగిన" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎన్ని?" అన్నాడు పెద్దులు.

"గంపెడు."

"గంపెడేనా! గంతదానికే మొకం గట్ల పెట్టినవా? నేను విత్తనాలు తాగిన, నాగలి తాగిన, ఎడ్లను తాగిన. ఆఖరుకు చేన్ల దిష్టిబొమ్మ అంగీ సుత ఇప్పుకపోయి తాగిన. మా ఇంటిది దాని జాగల నన్ను నిలవెట్టింది. ఒక్క పిట్ట వాలలె. పంట విరగ వండింది!"

"విత్తనాలు తాగితివి గద, పంటెట్ల వండింది?" అన్నాడు మల్లయ్య.

"అది పక్కోని చేను" అన్నాడు పెద్దులు తడుముకోకుండా.

అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. వానలు మొదలయ్యాక నేను నవ్వడం అదే మొదలు.

దసరా ముందు గానుగ ఎద్దు తొక్కి పెద్దులు చెంబు చితికిపోయింది. ఆ వారం మల్లయ్య రాలేదు కాబట్టి చల్ల పోసే పని నాది. పెద్దులు రేక పట్టాడు. రేకను అవతలి కొస పైకెత్తి పట్టాలని మా దగ్గర మీసాలు రానివాళ్లకూ తెలుసు. ఆయన దాన్ని కిందికి దించాడు. పోసిన చల్ల పోసినట్టే నా కాళ్ల మీద పడింది.

అందరూ వెళ్లాక అడిగాను. "మామా, నువ్వు ఎన్నడన్న తాగినవా?"

ఆయన నలుదిక్కులా చూశాడు. "మెల్లగ అనురా! లేదు. గా వాసనకే నాకు కడుపుల తిప్పుతది."

"మరి గివన్నెందుకు చెప్తున్నవ్?"

"తప్పు చేసినోడు అందరికన్న తానే కింద ఉన్ననని కుములుతడు. వానికన్న కింద ఇంకొకడుంటె జర ఊపిరి తీస్కుంటడు. తాగనోని ముంగట ఎవడు నోరిప్పుతడు? నీ కాళ్లు మొక్కుత అల్లుడా, ఎవలకు చెప్పకు."

మోసపోయానని ఒక్క క్షణం కోపమొచ్చింది. ఆ తర్వాత ఆయన మీద పుట్టిన ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు. ఆ రహస్యం మూడు రోజులకు మించి దాచుకోలేక, మల్లయ్యను వెతికి ఆయన చెవిలో మాత్రం వేశాను.

"నాకెరికలేదా?" అన్నాడు మల్లయ్య. "గీ ఊర్ల నేను కల్లు పొయ్యనిది ఆయనొక్కనికే. మారయ్యకెరిక, అందరికెరిక. ఆయన మొక్కని కాళ్లు లేవు ఈడ!"

ఇంటికి వెళ్లి అన్నం తింటూ గోపమ్మకు అంతా చెప్పాను. దిష్టిబొమ్మ అంగీ దగ్గర ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"విత్తనాల ముచ్చట అందరి ముంగట నువ్వే చెప్పినవా?" అంది. నాలుగు నెలల తర్వాత అదే మొదటి మాట.

"చెప్పిన."

మర్నాడు ఆమె తల్లిగారింటికి వెళ్లి, చలికాలపు యాసంగి పంటకు విత్తే జొన్నలు గంపెడు తెచ్చింది. తెచ్చి, అటకమీద దాచలేదు. నా మంచం పక్కనే పెట్టింది.

శుక్రవారం కూటంలో చెప్పాను. "విత్తనాలు నా మంచం పక్కనే ఉన్నయి. మూడు దినాలాయె. గింజ ముట్టలె."

దీనికి రెట్టింపు ఏం చెబుతాడోనని అందరం పెద్దులు వైపు తిరిగాం. ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"గిది నాతోని గాదురా అల్లుడా" అన్నాడు. "దీంట్ల నువ్వే పెద్దోనివి."