ప్యారలల్ ఫోను

బ్రాడ్‌బ్యాండ్ మా వైపు అప్పుడప్పుడే అడుగుపెడుతున్న రోజుల్లో నన్ను కుప్పం నుంచి పుంగనూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజికి జూనియర్ టెలికాం ఆఫీసరుగా బదిలీ చేశారు. లైన్‌మెన్ల మీద అజమాయిషీ, మదనపల్లెలోని పై ఇంజనీరుకు సంజాయిషీ, రెండూ ఆ కుర్చీకే.

నా ఓపికను పరీక్షించిన కనెక్షన్ భారతి అనే ఆమెది. డాక్టర్లు రికార్డు చేసిన మాటలు విని, ఇంట్లోనే టైపు చేసి పంపే ఉద్యోగం. ఇంకా ట్రయల్‌లోనే ఉంది. ఫైళ్ళు వేళకు చేరకపోతే తీసేస్తామని కంపెనీ వాళ్ళు చెప్పేశారు. ఫోను లైను మీదే నడిచే పాత డయలప్ నెట్‌లో ఫైలు సగం వెళ్ళేసరికి లైను తెగేది. కేబుల్ వాళ్ళ నెట్ కరెంటుతో పాటే పోయేది. డేటా కార్డుకు మిద్దె మీద తప్ప సిగ్నల్ దొరకదు. అన్నీ విచారించి మా బ్రాడ్‌బ్యాండే నయమని నేనే పెట్టించాను. అదీ తెగింది.

ఇక రోజూ ఫిర్యాదే. ఎక్స్ఛేంజిలో లైను పరీక్షించాం, బాగుంది. స్తంభం దగ్గర పరీక్షించాం, బాగుంది. మోడెం మార్చాం. మదనపల్లె నుంచి వచ్చే చీవాట్లు మాత్రం మారలేదు. ఈ లైనుకు ఇంకో ఫోనుందా అని అడిగిన ప్రతిసారీ భారతి భర్త నాగరాజ, "యాడుండాది సార్, ఒకటే" అనేవాడు.

ఒకరోజు నా కళ్ళ ముందే మోడెం దీపం ఆరింది. రిసీవర్ ఎత్తితే లోపల ఎవరో టమోటాలు బేరమాడుతున్నారు!

"ఎవరయ్యా ఇది?" అన్నాను.

"మాయన్న సార్. పక్కిల్లే. ఆస్తి భాగాలు పంచినప్పుడు మా నాయన వైరు లాగించినాడు."

"ఒకటే ఫోనన్నావు కదా?"

"మా ఇంట్లో ఒకటే కదా సార్!"

ఒళ్ళు మండిపోయింది. ఒకే లైనుకు రెండో ఫోను తగిలించడాన్ని మేం ప్యారలల్ అంటాం. బ్రాడ్‌బ్యాండ్ లైనులో ప్రతి ఫోనుకూ ఫిల్టర్ అనే చిన్న డబ్బా పెట్టాలి. లేదంటే ఆ ఫోను ఎత్తినప్పుడల్లా నెట్ పోతుంది. అంతకుముందు డయలప్ తెగిందీ ఆ ఫోను వల్లే. అన్న ఇంట్లో డబ్బా పెట్టి రమ్మంటే నాగరాజ తల అడ్డంగా ఊపాడు. మాటల్లేవట. మాటల్లేని వాళ్ళకు ఫోను మాత్రం ఉమ్మడి!

చివరికి భారతే డబ్బా పట్టుకుని లేచింది. "మీ పంతాలు మీరే పెట్టుకోండి. ఈడ నా ఉద్యోగం పోతాండాది" అని మొగుడితో అనేసి గడప దాటింది. నేనూ వెనకే నడిచాను.

"బావా, దీన్ని మీ ఫోనుకు తగిలించల్ల. లేకుంటే నా పని పోతాది" అంది.

అన్న రెడ్డెప్ప డబ్బాను, నన్ను మార్చి మార్చి చూశాడు. "పెట్టుకోమ్మా. నేను యాల వద్దంటాను? ఇన్నాళ్ళూ ఎవురన్నా వచ్చి అడిగినారా?"

నేనే డబ్బా తగిలించి వచ్చేశాను. ఆ సాయంత్రం ఫైళ్ళు తెగకుండా వెళ్ళాయి. ఆమె ఉద్యోగం నిలబడింది. ఆ తర్వాత ఇంటికి ఏ కనెక్షన్ మంచిదని ఎవరు అడిగినా, జవాబు చెప్పే ముందు పక్కింటి తలుపు తట్టేవాణ్ణి.