రాయ్ చేతికి చుట్టిన పట్టీ

జానెడు వెడల్పు కూడా లేని ఒక గుడ్డ పట్టీ. దాని బరువును పదేళ్లుగా మోస్తున్నాను. మోస్తున్నట్టు ఎవరికీ తెలియదు, నా భార్యకు కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను డాక్టర్ని. బీపీ చూసేముందు ప్రతి మనిషి చేతినీ టేపు పెట్టి కొలుస్తాను. ఇంత శ్రద్ధ ఎవరికుంటుంది అని నా పేషెంట్లు మెచ్చుకుంటారు. అది శ్రద్ధ కాదు. భయం. ఆ భయం పేరు రాయ్. అతని అసలు పేరు అది కాదు. అసలు పేరు రాసే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి? ఉత్తరాల దగ్గరే మొదలుపెడతాను. గుంటూరులో చదువు ముగించుకుని, డెబ్బైల చివర్లో అమెరికా దక్షిణాదిన పెద్ద కాలేజీ ఉన్న ఒక ఊళ్లో, ఆస్పత్రిలో రెసిడెంటుగా, అంటే శిక్షణలో ఉన్న డాక్టరుగా, చేరాను. రెండో ఏడు నడుస్తోంది. మా బ్యాచిలో ఎనిమిదిమందిమి. మూడో ఏటికి అయిదుగురినే ఉంచుకుంటారు. ఎవరిని ఉంచుతున్నారో చెప్పే ఉత్తరాలు వసంతంలో వస్తాయి. పోయినవాళ్లు ఇంకోచోటు వెతుక్కోవాలి. అది దొరక్కపోతే నాలాంటివాడికి వీసా కూడా పోతుంది. మా చీఫ్ అరిచే మనిషి కాదు. అరిచినా బాగుండేది. తప్పు చేసినవాణ్ని అందరి మధ్యా నిలబెట్టి, నవ్వుతూ, "మీ దేశంలో ఇలాగే చేస్తారా?" అని అడిగేవాడు. నన్ను అప్పటికి రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడిగితే నా పని అయిపోయినట్టేనని నాలో నేనే తీర్మానించుకున్నాను.

అలాంటి రోజుల్లో ఒక బుధవారం మధ్యాహ్నం రాయ్ వచ్చాడు.

అతను కాలేజీలో ఫుట్‌బాల్ ఆటగాడు. ఇక్కడి ఫుట్‌బాల్. నాకప్పటికి ఆ ఆటలో ఓనమాలు రావు. అతనే చెప్పాడు, తను లైన్‌మన్ అని. అంటే బంతి ముట్టుకునే పని ఉండదట. బంతి పట్టుకున్నవాడి మీదికి ఎవరూ రాకుండా గోడలా అడ్డం నిలబడాలి. మరో ఎనిమిది రోజుల్లో డ్రాఫ్ట్. జీతమిచ్చి ఆడించుకునే పెద్ద టీమ్‌లు ఒకదాని తర్వాత ఒకటి, రౌండ్లు రౌండ్లుగా, దేశంలోని కాలేజీ ఆటగాళ్లలో తమకు కావలసినవాళ్ల పేర్లు పిలిచి తీసుకుంటాయి. ఆ టీమ్‌లలో ఒకటి, ఇతనికి ఒంట్లో అంతా సరిగా ఉందో లేదో చూసి రాసి పంపమని మా ఆస్పత్రిని అడిగింది. చీఫ్ ఆ ఫారం నా చేతిలో పెట్టాడు.

"మూడో రౌండ్‌లో నా పేరు వస్తుందంటున్నారు, డాక్," అన్నాడు రాయ్. "నాలుగైనా ఫర్వాలేదు. మా అమ్మ స్కూల్లో వంటపని చేస్తుంది. ఆ రోజుకి సెలవు పెట్టేసింది. పొద్దున్నుంచీ ఫోన్ పక్కనే కూర్చుంటుందట."

గుండె చూశాను, ఊపిరితిత్తులు చూశాను, మోకాళ్లు చూశాను. అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. చివర్లో బీపీ. అతని చెయ్యి నా తొడంత ఉంది. పట్టీ చుడితే రెండు కొసలూ కలవడం లేదు. లాగి, కొసమీద కొస ఎలాగో ఆనించి, విడిపోకుండా బొటనవేలితో అదిమిపట్టి గాలి కొట్టాను. పైది నూటడెబ్బై, కిందిది నూటపన్నెండు. మళ్లీ చూశాను. అవతలి చేతికి చూశాను. పెద్ద తేడా లేదు.

ఇక్కడే అతను అడిగాడు. ఆ మాటలు ఇప్పటికీ నా చెవిలోనే ఉన్నాయి.

"డాక్, ఈ పట్టీ నాకు చిన్నదేమో. మరీ బిగుతుగా ఉంది. మా ట్రైనర్ తొడకి చుట్టేది తెస్తాడు, నాకు చూసేటప్పుడు."

"పట్టీతో ఏం పనిలేదు," అన్నాను. "ఇది డాక్టర్లకి తెలిసిన పని. నువ్వు కదలకుండా కూర్చో."

"యెస్ సర్," అన్నాడు. అప్పటిదాకా డాక్ అన్నవాడు.

నిజం చెప్తాను. ఆ నిమిషాన నాకు తెలియదు. మా గుంటూరు వార్డుల్లో నేను చూసినవి సన్నటి చేతులు. పట్టీ రెండు మూడు చుట్లు తిరిగి ఇంకా తోక మిగిలేది, దాన్ని లోపలికి దోపేవాళ్లం. పెద్ద చేతికి పెద్ద పట్టీ కావాలన్నది పుస్తకంలో ఎక్కడో చదివే ఉంటాను. అవసరం పడనిది గుర్తుండదు కదా. కానీ తెలియకపోవడం నా తప్పు అని చెప్పుకోవడానికి కాదు నేను ఇదంతా రాస్తున్నది. అతను చెప్పాడు. చెప్పినప్పుడు నాలో ఏదో కలుక్కుమంది. బయటికెళ్లి నర్సును ఒక్కమాట అడిగితే సరిపోయేది. అడిగితే నర్సు నవ్వుతుంది, నవ్వితే చీఫ్‌కి తెలుస్తుంది, తెలిస్తే మూడోసారి ఆ ప్రశ్న. ఇదంతా ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగిపోయింది. అందుకే కసురుకున్నాను.

ఫారం మీద రాశాను. రక్తపోటు బాగా ఎక్కువ, కిడ్నీలు పరీక్ష చేయించాలి, అప్పటిదాకా శ్రమపెట్టే ఆట మంచిది కాదు. కింద సంతకం చేశాను. ఒంట్లో నీరు లాగేసే మాత్ర ఒకటి రాసిచ్చాను, రోజూ పొద్దున్నే వేసుకోమని. ఫారం అదే సాయంత్రం వెళ్లిపోయింది. ఒక టీమ్‌కి చేరిన కబురు మిగతా టీమ్‌లకు పాకడానికి ఎంతోసేపు పట్టదని తర్వాత తెలిసింది.

శుక్రవారం వార్డులో భారీకాయం ఉన్న ఒకావిడకు బీపీ చూడబోయాను. ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న నర్సు నా చేతిలోంచి పట్టీ నెమ్మదిగా తీసుకుని, సొరుగులోంచి ఇంకోటి తెచ్చింది. వెడల్పుది. "దాంతో చూస్తే ఈవిడకి ముప్పై పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, డాక్టర్," అంది. వెక్కిరింత లేదు. పేషెంటుకు వినపడకుండానే అంది.

రాయ్ చెయ్యి గుర్తొచ్చింది. డ్రాఫ్ట్‌కి ఇంకా ఆరు రోజులుంది.

ఒక్క ఫోన్ చేస్తే చాలు. ఫారం కాపీ నా దగ్గరుంది, దాని మీద టీమ్ నంబరుంది. కారిడార్ చివర ఫోన్ దగ్గరికి మూడుసార్లు వెళ్లాను. ఒకసారి చివరి అంకె దాకా తిప్పి పెట్టేశాను. ఏమని చెప్పాలి? పొరపాటయింది, పట్టీ చిన్నది, మళ్లీ చూస్తాను అని. చిన్నపిల్లవాడు కూడా చెప్పగల మాట. వాళ్లు చీఫ్‌కి ఫోన్ చేస్తారు. ఉత్తరాలు వచ్చేది సోమవారం. ఒకవేళ అతనికి నిజంగానే బీపీ ఉందేమో? ముప్పై తీసేసినా కాస్త ఎక్కువే అవుతుందేమో? ఆ 'ఒకవేళ'ను పట్టుకుని శనివారం, ఆదివారం గడిపాను. లేదని నాకు తెలుసు. అయినా పట్టుకుని వేలాడాను.

సోమవారం పొద్దున అతనే వచ్చాడు.

వార్డు తలుపు అద్దంలోంచి చూశాను. కౌంటర్ దగ్గర నిలబడి నా పేరు అడుగుతున్నాడు, పలకడం రాక విడగొట్టి విడగొట్టి. క్లర్కుకు సైగ చేశాను, లేనని చెప్పమని. పక్కనే దుప్పట్లు పెట్టే గదిలోకి దూరి తలుపు దగ్గరికి వేశాను. సందులోంచి అతను కనిపిస్తున్నాడు. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కడ విరుగుతుందోనని అంచుమీద కూర్చున్నాడు. చేతిలో ఒక పత్రిక. పేజీ తిప్పడం లేదు. గంటన్నర కూర్చున్నాడు. గంటన్నర నేను ఉతికిన దుప్పట్ల మధ్య నిలబడ్డాను, దొంగలా. దొంగలా ఏమిటి, దొంగనే. నాకు ఇరవైతొమ్మిదేళ్లు, అతనికి ఇరవైరెండు. నేను అతన్ని చూసి వణికిపోతున్నాను. అతను వచ్చింది నన్ను కొట్టడానికి కాదు, ఇంకోసారి బీపీ చూడమని బతిమాలడానికి.

వెళ్తూ క్లర్కు చేతికి చీటీ ఇచ్చాడు. "డాక్టర్ గారూ, వీలైతే ఇంకొక్కసారి చూడండి. ఎప్పుడు రమ్మన్నా వస్తాను." కింద ఫోన్ నంబరు. పారేద్దామని చాలాసార్లు అనుకున్నాను. ఇవాళ్టికీ నా దగ్గరే ఉంది.

ఆ మధ్యాహ్నమే ఉత్తరం వచ్చింది. నన్ను ఉంచుకున్నారు.

సుశీల, నా భార్య, సంతోషంతో పరమాన్నం చేసింది. ఉద్యోగం నిలబడింది కదా, ఇప్పుడైనా ఫోన్ చేయవచ్చు కదా? ఇంకా మూడు రోజులుంది కదా? మీరు అడక్కముందే నన్ను నేను అడిగాను. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకుంటారని భయం వేసింది. లేనిదానికోసం భయపడడం కంటే చేతికి వచ్చినది పోతుందన్న భయం పెద్దదని ఆ మూడు రోజుల్లో తెలిసింది.

డ్రాఫ్ట్ ముగిసిన మర్నాడు పేపర్లో పేర్లన్నీ వేశారు. పన్నెండు రౌండ్లు, చీమతలకాయంత అక్షరాలు. వంటింటి బల్లమీద పరిచి, వేలు పెట్టి ఒక్కో పేరూ చదివాను.

"ఏమండీ, మీకు ఫుట్‌బాల్ మీద ఇంట్రెస్ట్ ఎప్పట్నుంచి?" అంది సుశీల. "రూల్స్ కూడా తెలీవుగా మీకు."

"వార్డులో అందరూ డిస్కస్ చేస్తున్నారు. ఊరికే చూస్తున్నా," అన్నాను.

మూడో రౌండ్‌లో లేడు. నాలుగులో లేడు. పన్నెండో రౌండ్ చివరి పేరు దాకా లేడు. మళ్లీ మొదట్నుంచి చదివాను. వాళ్లమ్మ ఫోన్ పక్కన ఎన్ని గంటలు కూర్చుని ఉంటుంది? ఆ రోజు నుంచి మా ఇంట్లో ఫోన్ మోగితే నాకు గుండె ఆగినంత పని అవుతుంది.

ఇంకా ఉంది. జూలైలో రాయ్ ఒక టీమ్ శిబిరానికి వెళ్లాడు. పేరు పిలవని వాళ్లు కూడా వెళ్లి అదృష్టం పరీక్షించుకోవచ్చట. ఊళ్లో పేపరు రాస్తే చదివాను. ఎండలో, ఆ బరువైన తొడుగులతో, రోజుకి రెండుపూటలా పరుగు. అతను నేనిచ్చిన మాత్ర వేసుకుంటూనే ఉంటాడని నాకు తెలుసు. యెస్ సర్ అన్నవాడు వేసుకుంటాడు. ఒంట్లో నీరూ ఉప్పూ లాగేసే మాత్ర వేసుకుని ఆ ఎండలో పరిగెత్తితే ఏమవుతుందో కూడా తెలుసు. చీటీ మీద నంబరుంది. మాత్ర మానేయమని చెప్పడానికి నా తప్పు ఒప్పుకోవాల్సిన అవసరం కూడా లేదు. అయినా ఫోన్ చేయలేదు. మాట కలిస్తే అతను అడుగుతాడు, పట్టీ సంగతి.

మూడో రోజు మైదానంలో పడిపోయాడు. రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచి ఇంటికి పంపేశారు. వడదెబ్బ అని పేపర్లో రాశారు. నాలుగు లైన్లు.

ఆ వారమంతా నాకు పట్టుకున్న భయం గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి, లేకపోతే ఇదంతా రాయడం దండగ. అతను చచ్చిపోతాడేమోనని కాదు నేను భయపడింది. చచ్చిపోతే మాత్ర ఎవరిచ్చారని కాగితాలు తీస్తారని. ఇంతకన్నా నీచమైన ఆలోచన నా జీవితంలో ఇంకోటి రాలేదు.

ఏడేళ్లు గడిచాయి. అక్కడికి నాలుగు గంటల దూరంలో ఇంకో ఊళ్లో సొంతంగా క్లినిక్ పెట్టుకున్నాను. జుట్టు పోయింది, కళ్లద్దాలు వచ్చాయి. ఒకరోజు పొద్దున ట్రక్ డ్రైవర్ల వైద్య పరీక్షకని వచ్చిన ఫైళ్లలో ఆ పేరు కనిపించింది. గదిలోకి వెళ్లకుండా తలుపు బయటే ఆగాను. వెనక తలుపులోంచి వెళ్లిపోదామా అనుకున్నాను. దుప్పట్ల గది గుర్తొచ్చింది. లోపలికి వెళ్లాను.

నన్ను గుర్తుపట్టినట్టు లేడు. కాస్త లావయ్యాడు. మందులేమైనా వాడుతున్నావా అని అడిగాను. ఒకప్పుడు బీపీకి మాత్రలిచ్చారని, వాటితో ఒకసారి కళ్లు తిరిగి పడిపోయాక మానేశానని, ఆ తర్వాత భయంతో బీపీయే చూపించుకోలేదని, ఇప్పుడు ఈ ఉద్యోగం కోసం తప్పక వచ్చానని చెప్పాడు. అతని చెయ్యి కొలిచాను. వెడల్పు పట్టీ తీసి చుట్టాను. పైది నూటఇరవయ్యారు, కిందిది ఎనభై. ఏడేళ్లుగా ఏ మందూ లేకుండా. అవతలి చేతికీ చూశాను. అంతే. నేను పట్టుకుని వేలాడిన ఆ 'ఒకవేళ' అక్కడితో తెగిపోయింది.

"నార్మల్," అన్నాను.

అతను పట్టీ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఇది బిగుతుగా లేదు, డాక్," అన్నాడు.

నేనెవరో తెలిసి అన్నాడా, మామూలుగా అన్నాడా? ఆ చూపును ఈ మూడేళ్లలో ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నానో లెక్కలేదు. ఫారం మీద సంతకం చేసి ఇచ్చాను. చొక్కా బొత్తాలు పెట్టుకుని, థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. రెండేళ్ల తర్వాత పరీక్షకి మళ్లీ రావాలి. రాలేదు. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తున్నాడేమో. ఇప్పటికీ బయట గదిలో కుర్చీ కిర్రుమంటే నా చేతిలో కలం ఆగిపోతుంది.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. అతన్ని అడిగే ధైర్యం నాకు వస్తుందో రాదో తెలియదు. ఆ గదిలో చెప్పాల్సిన మూడు మాటలు మాత్రం ఇన్నేళ్లకు మొదటిసారి ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

ఆ పట్టీ చిన్నదే, రాయ్. నువ్వు చెప్పింది నిజం. నీకు ఏ జబ్బూ లేదు.