పూత పేరుతో రంగు

నరసరావుపేటలో ట్రాక్టర్ వెనక కట్టి దున్నే రోటావేటర్‌కి బ్లేళ్ళు అమ్మిన పెద్దమనిషి వాటికి అరగని గట్టి పూత ఉందని గొప్పగా చెప్పాడు. కారంపూడి దగ్గర మా రాళ్ళ చేలో రెండు రోజులు తిరిగేసరికి అంచులు అరిగిపోయాయి. వెనక్కి తీసుకెళ్తే చేత్తో కూడా ముట్టలేదు.

"నీ చేలో రాళ్ళుంటే నేనేం చేసేది?" అన్నాడు.

"రాళ్ళు లేని చేలోకి పూతెందుకయ్యా?" అన్నాను. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు, సిగ్గులేని మనిషి.

మా ఊళ్ళో వెల్డింగ్ చేసే సాయిబు మామ ఒక బ్లేడును ఆకురాయితో గీకాడు. పసుపు పొడి రాలింది.

"ఇది ఉత్త రంగురా. పూతంటే ఏందో వాడికి తెలిస్తేగా," అన్నాడు. నా పాత బ్లేళ్ళ అంచుల మీదే గట్టి వెల్డింగ్ రాడ్డు కరిగించి వరసలుగా పోసిచ్చాడు. అవి సీజనంతా దున్నాయి.

తర్వాత ఒక పెళ్ళి భోజనాల్లో ఆ పెద్దమనిషి నా పక్కనే కూర్చుని నవ్వుతూ పలకరించాడు. బదులు చెప్పడం కూడా దండగనిపించి, విస్తరి వదిలేసి వేరే బంతిలో కూర్చున్నాను.